పుస్తకంలో బొమ్మలకు వివరణ: ఎంత రాయాలి, ఏది వదిలేయాలి?

గోదారి గట్టు
అందరికీ నమస్కారం. మేం నలుగురు స్నేహితులం సాయంత్రాలు కూర్చుని చూపులేని పిల్లల కోసం తెలుగు పుస్తకాలను ఈపబ్‌లుగా, అంటే ఫోన్లో, కంప్యూటర్లో తెరిచే ఈ-పుస్తకాలుగా మారుస్తున్నాం. ఇప్పుడు చేతిలో రెండున్నాయి. ఒకటి పదో తరగతి జీవశాస్త్రం. రెండోది పల్లెటూరి కథల పుస్తకం, చిన్నపిల్లలది, పేజీకో బొమ్మ ఉంది. పాత డీటీపీ ఫాంట్లలో ఉన్న పాఠాన్ని యూనికోడ్‌లోకి తెచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది గానీ, ఎలాగో అయిందనిపించాం. ఇక మిగిలినవి బొమ్మలు.

ఇక్కడే మాలో మాకు పడటం లేదు. కథల పుస్తకంలో ఒక బొమ్మ సంగతి చెప్తాను. పండగ ముందు రోజు, తెల్లవారుజాము. వాకిట్లో ఒకమ్మాయి ముగ్గు వేస్తోంది. మాలో ఒకరు ‘ముగ్గు వేస్తున్న అమ్మాయి’ అని రాసి ఊరుకున్నారు. ఇంకొకరు అరుగు, అరుగు మీద పిల్లి, గుమ్మానికి మామిడాకులు, అమ్మాయి లంగా ఓణీ, ఆ ఓణీ అంచు, జడ, జడగంటలు, వెనకాల కొబ్బరిచెట్లు అంటూ అరపేజీ ఏకరువు పెట్టారు. రెండిట్లో ఏది మేలు? అలవాటున్నవాళ్లు చెప్పండి.

టాక్‌బ్యాక్ బాబ్జీ
నేను పుట్టుకతోనే చూపు లేనివాణ్ణి. బ్యాంకులో ఉద్యోగం. ఫోన్లో టాక్‌బ్యాక్, ఆఫీసు కంప్యూటర్లో ఎన్‌వీడీఏ, రెండూ తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్లే. వినేవాడిగా చెప్తున్నా, ఆ రెండు వివరణలూ నాకు పనికిరావు. ముగ్గు వేస్తోందన్న సంగతి కథలో రానే వచ్చి ఉంటుంది, మళ్లీ వింటే కొత్తగా తెలిసేదేం లేదు. ఆ అరపేజీది వినేసరికి కథ ఎక్కడ ఆగిందో మర్చిపోతాను.

నాకు తెలియాల్సింది ఒకటే. ఆ పేజీలో కథ ఏం చెప్తోంది? దానికి మించి బొమ్మ ఏం చెప్తోంది?

గోదారి గట్టు
బాబ్జీ గారూ, మంచి ప్రశ్న. కథలో ఆ పిల్ల అన్నయ్య పట్నం నుంచి పండక్కి వస్తానన్నాడు, రాలేదు. పేజీలో ఉన్న వాక్యం ‘తెల్లారగానే లేచి ముగ్గు వేసింది’ అని మాత్రమే. బొమ్మలో చూస్తే... చుక్కలన్నీ పెట్టేసింది, కలపడం మొదలుపెట్టలేదు. పిండి చేతిలోనే ఉంది. తల తిప్పి వీధి చివరికి చూస్తోంది.

టాక్‌బ్యాక్ బాబ్జీ
అదండీ! చుక్కలు పెట్టి, కలపకుండా, పిండి చేతిలో పట్టుకుని వీధి వైపు చూస్తోందంటే ఆ పిల్ల ఎదురుచూస్తోందని నాకు నేనే అనుకుంటాను. ‘దిగులుగా చూస్తోంది’ అని కూడా మీరు రాయక్కర్లేదు. చూపున్న పిల్లాడికి ఆ బొమ్మ కింద ‘దిగులు’ అని ఎవరూ రాసి పెట్టలేదు కదా. జడగంటలు ఉన్నా లేకపోయినా నాకు పర్వాలేదు.

గీతల గిరి
పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసుకుని బతుకుతున్నవాణ్ణి, నా గోడు కూడా వినండి. గట్టుగారూ, ఆ పిల్లి ఈ ఒక్క బొమ్మలోనే ఉందా, మిగతా పేజీల్లో కూడా ఉందా? ఒకసారి తిరగేసి చూడండి.

గోదారి గట్టు
గిరి గారూ! ప్రతి బొమ్మలోనూ ఉంది. ఒక చోట గడ్డివాము వెనక తోక మాత్రమే కనిపిస్తోంది. సంతలో బుట్ట కింద, రేవులో పడవ మీద. ఇన్నాళ్లూ మేమెవరం గమనించలేదు.

గీతల గిరి
అనుకున్నా. కథలో ఎక్కడా పిల్లి మాట రాదు చూడండి. అది బొమ్మలు వేసినాయన పిల్లలతో ఆడిన ఆట. పేజీ తిప్పగానే పిల్లి ఎక్కడుందా అని వెతుకుతారు. బొమ్మల పుస్తకంలో సగం మజా అదే. కథకు అవసరం లేదని పిల్లిని తీసేస్తే చూపులేని పిల్లకి ఆ ఆట దక్కకుండా చేసినట్టే. అందుకే ఒక్క పేజీ చూసి ఏది అవసరమో తేల్చకండి. ముందు పుస్తకం మొత్తం తిరగేయండి.

చందమామ పిన్ని
ఎంత బాగా చెప్పావు నాయనా. అయితే ఆ పిల్లిని మాటల్లో కూడా దాచాలి. ‘ఈ బొమ్మలో పిల్లి ఉంది’ అని మొదటే చెప్పేస్తే ఆటేముంది? వివరణ చివర్లో, ఇంకేదో చెప్తూ చెప్తూ, ‘గడ్డివాము వెనకనుంచి నల్లటి తోకొకటి బయటికొచ్చింది’ అని ఊరుకోవాలి. వినే పిల్లలు ‘అదుగో పిల్లి!’ అని వాళ్లే అంటారు.

గోదారి గట్టు
ఇలా రాశాను, చూడండి: ‘తెల్లవారుజాము. అమ్మాయి వాకిట్లో ముగ్గు చుక్కలన్నీ పెట్టింది, ఇంకా కలపలేదు. గుప్పిట్లో పిండి అలాగే ఉంది. తల తిప్పి వీధి చివరికి చూస్తోంది. వీధి ఖాళీగా ఉంది. వెనక అరుగు మీద రెండు చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాయి.’

టాక్‌బ్యాక్ బాబ్జీ
బావుంది. ‘వీధి ఖాళీగా ఉంది’ అన్నది బొమ్మలో నిజంగా ఉందా, మీరు కల్పించారా?

గోదారి గట్టు
ఉందండీ, నిజంగానే. ఒక్క మనిషి కూడా లేడు.

టాక్‌బ్యాక్ బాబ్జీ
అయితే సరే. ఎందుకడిగానంటే, కొందరు రాసేటప్పుడు ఊపులో లేనిపోనివి చేర్చేస్తారు. నాకు సరిచూసుకునే దారి లేదు కదా, మీరు రాసిందే నమ్ముకోవాలి.

ట్యాగుల శీను
సాంకేతిక సంగతులు నేను చెప్తాను, ఇదే నా పని.

బొమ్మకు ఆల్ట్ టెక్స్ట్ (పైకి కనపడకుండా బొమ్మకు జతచేసే, స్క్రీన్ రీడర్ చదివే వివరణ) అసలు పెట్టకపోతే స్క్రీన్ రీడర్ చాలాసార్లు ఫైలు పేరు చదువుతుంది. కథ మంచి పట్టులో ఉండగా ‘ఐఎంజీ అండర్‌స్కోర్ 0047 డాట్ జేపీజీ’ అని వినపడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పేజీ అంచున లతలు, అధ్యాయం చివర పువ్వు గుర్తు లాంటి అలంకారాలకు ఆల్ట్‌ని కావాలనే ఖాళీగా పెట్టాలి. అంటే ట్యాగు ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. అప్పుడు రీడర్ దాన్ని దాటేసి ముందుకెళ్తుంది. అసలు పెట్టకపోవడం వేరు, ఖాళీగా పెట్టడం వేరు. కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు.

‘ఈ చిత్రంలో’ అని మొదలుపెట్టొద్దు. అది బొమ్మ అని రీడరే చెప్తుంది. బొమ్మ కింద అచ్చయిన శీర్షికను ఆల్ట్‌లో మళ్లీ దించొద్దు, ఒకే ముక్క రెండుసార్లు వినాల్సి వస్తుంది.

ఇంకోటి, మన తెలుగువాళ్లు తరచూ మర్చిపోయేది: ఫైల్లో భాష తెలుగు అని ట్యాగు పెట్టండి. లేకపోతే కొన్ని రీడర్లు ఇంగ్లిషు గొంతుతోనే తెలుగు చదవబోతాయి. ఆ వినికిడి వర్ణించలేను.

డాలస్ అమ్మ
ఆల్ట్ 125 అక్షరాలు దాటకూడదని ఎక్కడో చదివాను. నిజమేనా? తెలుగులో 125 అక్షరాలంటే ఒక వాక్యం కూడా సరిగా పట్టదు.

ట్యాగుల శీను
వెబ్ పేజీలు వికలాంగులకు అందేలా చేయడానికి పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో అక్షరాల లెక్క ఎక్కడా లేదండీ. ఆ సంఖ్య ఎలాగో ఊరంతా తిరుగుతోంది. కాకపోతే ఆల్ట్ పొట్టిగా ఉండటానికి వేరే కారణముంది. చాలా రీడర్లలో ఆల్ట్ మొత్తం ఒక్క ముక్కగా వస్తుంది. మధ్యలో ఆగి, ఒక్కో వాక్యం వెనక్కి వెళ్లి వినడం కష్టం. అందులో పట్టికలు, పేరాలు పెట్టలేం. అందుకని ఆల్ట్‌లో ఒకటి రెండు వాక్యాలు చాలు. పెద్ద వివరణ కావాల్సిన బొమ్మ అయితే దాన్ని మామూలు పాఠంగా బొమ్మ కిందే పెట్టి, కావాల్సినవాళ్లు నొక్కితే తెరుచుకునేలా చేయాలి. ఈపబ్ 3లో ఇది తేలిగ్గానే అవుతుంది. లేదా పుస్తకం చివర పెట్టి లింకు ఇవ్వండి. వెనక్కి వచ్చే లింకు కూడా ఇవ్వండి, లేకపోతే వెళ్లినవాళ్లు అక్కడే ఉండిపోతారు.

సైన్సు మేష్టారు
జెడ్పీ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. మీరు కథల బొమ్మల మీద ఇంత చర్చ చేస్తున్నారు, గుండె బొమ్మ దగ్గరకొస్తే అసలు కష్టం తెలుస్తుంది. నా తరగతిలో ఒక చూపులేని విద్యార్థి ఉన్నాడు కాబట్టి చెప్తున్నా.

మొదటి చిక్కు: పుస్తకంలో గుండె మనకు ఎదురుగా నిలబడ్డ మనిషిది. అంటే పేజీకి ఎడమ పక్కన ఉన్నది గుండెకు కుడి భాగం. ‘ఎడమ పక్కన’ అని రాస్తే ఏ ఎడమ? బొమ్మను బట్టి రాసినవాళ్లు పేజీ ఎడమ అనుకుంటారు, వినే పిల్లాడు తన ఛాతీ మీద చెయ్యేసుకుని తన ఎడమ అనుకుంటాడు. అందుకని నేను పేజీ ఊసే ఎత్తను. ‘ఎడమ, కుడి అంటే నీ శరీరానికి ఎడమ, కుడి’ అని మొదటి వాక్యంలోనే చెప్పేస్తాను.

రెండోది వరస. బొమ్మలో పైనుంచి కిందికి వర్ణిస్తూ పోతే నాళాలన్నీ కలగాపులగమవుతాయి. రక్తం వెళ్లే దారి పట్టుకుంటే బొమ్మ దానంతటదే తయారవుతుంది. నేను ఇచ్చే వివరణ ఇది:

‘గుండెలో నాలుగు గదులు. పైన రెండు కర్ణికలు, గోడలు పలచన. కింద రెండు జఠరికలు, గోడలు మందం. కుడి, ఎడమ భాగాల మధ్య నిలువు గోడ ఉంది. శరీరం నుంచి మహాసిరలు కుడి కర్ణికలోకి వస్తాయి. అక్కణ్ణుంచి కవాటం గుండా కిందికి, కుడి జఠరికలోకి. అక్కణ్ణుంచి పుపుస ధమని పైకి వెళ్లి రెండుగా చీలి రెండు ఊపిరితిత్తుల వైపు పోతుంది. ఊపిరితిత్తుల నుంచి పుపుస సిరలు ఎడమ కర్ణికలోకి వస్తాయి. మళ్లీ కవాటం, ఎడమ జఠరిక. నాలుగు గదుల్లోనూ దీని గోడే అన్నిటికన్నా మందం. దీన్నించి బృహద్ధమని పైకి లేచి, గొడుగు కర్ర పిడిలా వంగి, వెనక్కి తిరిగి కిందికి దిగుతుంది.’

పుస్తకాల్లో కుడి భాగానికి నీలం, ఎడమ భాగానికి ఎరుపు వేస్తారు. అది కూడా చెప్తాను. నీలం అంటే ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తం అని చూపించడానికే, రక్తం ఎక్కడా నిజంగా నీలంగా ఉండదు అని పక్కనే కలుపుతాను.

సూటిగా సుబ్బు
మేష్టారూ, కోపం తెచ్చుకోకండి. చూపులేని విద్యార్థులకు బొమ్మ ప్రశ్నల బదులు వేరే ప్రశ్న ఇస్తారు కదా, సీబీఎస్‌ఈ వాళ్లయితే పేపర్లోనే విడిగా ఇస్తారు. మార్కులకు అక్కరకు రాని దానికి ఇంత శ్రమ ఎందుకు? ఆ సమయంలో ఇంకో రెండు పుస్తకాలు పాఠం వరకూ మార్చేయొచ్చు. ముందు సంఖ్య పెరగాలి.

టాక్‌బ్యాక్ బాబ్జీ
సుబ్బు గారూ, నా చదువంతా మీరన్న పద్ధతిలోనే సాగింది. ‘బొమ్మ వచ్చింది, నువ్వు వదిలెయ్’ అనేవారు. వదిలేశాను. ఇప్పుడు బ్యాంకులో మూడు నెలలకోసారి మొండి బాకీల సర్క్యులర్ వస్తుంది, అందులో అంతా గ్రాఫులే. అక్కడ నాకు ప్రత్యామ్నాయ ప్రశ్న ఎవరిస్తారు? గ్రాఫ్ అంటే ఎలా ఉంటుంది, గీత పైకి పోతే ఏమిటి, అడ్డంగా పోతే ఏమిటి అన్నది ఉద్యోగంలో చేరాక ఒక సహోద్యోగి చెయ్యి పట్టుకుని టేబుల్ మీద గీయిస్తే తెలిసింది.

సూటిగా సుబ్బు
మీ మాట కాదనను. కానీ నేను అడిగింది లెక్క. ఉన్న నలుగురు మనుషులు ఏది ముందు చేయాలి?

సైన్సు మేష్టారు
సుబ్బు గారి ప్రశ్నలో న్యాయం ఉంది. అన్ని బొమ్మలకూ ఒకే శ్రమ పెట్టనక్కర్లేదు. సైన్సు పాఠంలో శాస్త్రవేత్త ఫొటో ఉంటుంది, ‘ఫలానా వారి ఫొటో’ అంటే చాలు, ఆయన గడ్డం గురించి వద్దు. మొక్కకు నీళ్లు పోస్తున్న పిల్లాడి బొమ్మ ఉత్త అలంకారం, ఖాళీ ఆల్ట్. గుండె, నెఫ్రాన్, పువ్వు నిలువుకోత, ఇలాంటివి అధ్యాయానికి రెండో మూడో ఉంటాయి. శ్రమంతా అక్కడ పెట్టండి.

ఇంకొక్క మాట. అభ్యాసాల్లో పేర్లు తీసేసి ‘క అని గుర్తుపెట్టిన భాగం ఏది?’ అని అడిగే బొమ్మలుంటాయి. అక్కడ ‘క: ఎడమ జఠరిక’ అని రాస్తే జవాబు మీరే చెప్పేసినట్టు. అలాగని ఏమీ రాయకపోతే ప్రశ్నే లేదు. ‘క: కింది గదుల్లో ఒకటి, మిగతా మూడింటికన్నా గోడ మందం’ అని రాస్తే, పాఠం చదివిన పిల్లాడు చెప్పగలడు, చదవనివాడు చెప్పలేడు. చూపున్నవాడికి ఎంత కష్టమో వీడికీ అంతే ఉండాలి.

టాక్‌బ్యాక్ బాబ్జీ
మేష్టారూ, మీరు నాకు ఎందుకు దొరకలేదండీ.

గోదారి గట్టు
గ్రాఫుల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. సాంఘిక శాస్త్రం కూడా చేయమంటున్నారు. భారత జనాభా బార్ గ్రాఫ్ ఉంది, 1951 నుంచి 2011 వరకు ఏడు బార్లు. ‘మొదటి బార్ పొట్టిగా ఉంది, రెండోది కాస్త పొడవు...’ అని రాయాలా?

ట్యాగుల శీను
వద్దు వద్దు. బార్ల పొడవు ఎవరికి కావాలి? అది అంకెలను చూపించే పద్ధతి మాత్రమే. ఆల్ట్‌లో సారాంశం: ‘1951లో 36.1 కోట్లున్న భారత జనాభా ప్రతి పదేళ్లకూ పెరుగుతూ 2011 నాటికి 121 కోట్లకు చేరింది.’ దాని కింద అసలైన పట్టిక: 1951 – 36.1, 1961 – 43.9, 1971 – 54.8, 1981 – 68.3, 1991 – 84.6, 2001 – 102.9, 2011 – 121. పట్టికను బొమ్మగా అతికించకండి, నిజమైన పట్టికగా చేయండి, వరసల శీర్షికలు గుర్తించండి. అప్పుడు ఏ గడిలో ఉన్నా రీడర్ ఏ సంవత్సరమో చెప్తుంది.

టాక్‌బ్యాక్ బాబ్జీ
పట్టిక వింటూ తీసివేతలు చేశాను, బ్యాంకు బుద్ధి. 1991 నుంచి 2001కి పెరిగింది 18.3 కోట్లు, 2001 నుంచి 2011కి 18.1. అంటే చివరి పదేళ్లలో పెరుగుదల కాస్త తగ్గింది. బొమ్మ చూస్తున్నవాళ్లకు ఇది కనిపిస్తుందా?

ట్యాగుల శీను
ఇప్పుడే తెరిచి చూశాను. అస్సలు కనపడదు. అన్నీ మెట్లెక్కినట్టే ఉన్నాయి.

చందమామ పిన్ని
పటాల గురించి కూడా ఒక ముక్క. నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా, చూపు మెల్లమెల్లగా పోయే కంటి జబ్బు, నలభయ్యో పడికి వచ్చేసరికి చూపు పూర్తిగా పోయింది. కాబట్టి ఇండియా మ్యాపు నాకు బుర్రలో ఉంది. పుట్టుకతో చూపు లేనివారికి ‘మధ్యలో గోధుమరంగు గీత’ అంటే ఏం అర్థమవుతుంది? నదికి అయితే నది వెంటే నడిపించండి. గోదావరి మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టి, తూర్పుకీ ఆగ్నేయానికీ పారుతూ, కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వచ్చి, బాసర దాటి, కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకుని, భద్రాచలం మీదుగా పాపికొండల మధ్యనుంచి రాజమండ్రి చేరుతుంది. ధవళేశ్వరం దగ్గర పాయలుగా విడిపోతుంది. గౌతమి యానాం వైపు, వసిష్ఠ అంతర్వేది వైపు పోయి సముద్రంలో కలుస్తాయి. ఇందులో ఒక్క రంగూ లేదు, పటం మాత్రం మొత్తం వచ్చేసింది.

గీతల గిరి
పిన్నిగారూ, మరి రంగులు అసలు చెప్పొద్దంటారా? ‘వాళ్లు చూడలేరు కదా, రంగులెందుకు’ అని ఒక ప్రచురణకర్త నాతోనే అన్నాడు.

టాక్‌బ్యాక్ బాబ్జీ
దీనికి నేను చెప్తాను. ఎరుపు నేను చూడలేదు. కానీ ఎర్రలైటు పడితే ఆగాలని తెలుసు, మా అమ్మ పెద్ద బొట్టు ఎరుపని తెలుసు, కోపమొస్తే మా బాస్ ముఖం ఎర్రబడుతుందని ఆఫీసంతా చెప్పుకుంటుంటే విన్నాను. రంగులు నేను మాటల్లోనే నేర్చుకున్నాను, మీరు మాటల్లో చెప్తే నాకు అందుతుంది. కథలో ముసలమ్మ తెల్లచీరలో ఉంటే అది చెప్పండి, అందులో ఆమె బతుకుంది. గోడ లేత పసుపా ముదురు పసుపా అన్నది వద్దు.

చందమామ పిన్ని
నాలాంటివాళ్లకు మాత్రం రంగు వింటే చాలు, పాత బొమ్మ మళ్లీ కళ్లముందు తిరుగుతుంది. చిన్నప్పుడు చందమామ కోసం అన్నదమ్ములతో కొట్లాడేదాన్ని. శంకర్ గారు వేసిన బేతాళ కథ బొమ్మ, విక్రమార్కుడు చేత కత్తి పట్టుకుని, భుజాన శవంతో శ్మశానంలో నడుస్తుంటాడే, అది ఇప్పుడు ఎవరైనా మాటల్లో చెప్తుంటే నేను పక్కనుంచి సరిదిద్దుతాను. ఆ బొమ్మ రాయాల్సి వస్తే నెమ్మదిగా, ఒక్కోటీ విప్పుతూ రాయండి. ‘రాజు నడుస్తున్నాడు, కత్తి దూసి ఉంది, చుట్టూ చీకటి’ అన్నాక భుజం మీద ఏముందో చెప్పండి. భయం ఆ వరసలోనే ఉంది.

టాక్‌బ్యాక్ బాబ్జీ
పిన్నిగారూ, గిరి గారూ, మీరిద్దరూ ఉన్నారు కాబట్టి చాలా కాలంగా ఉన్న సందేహం అడుగుతాను. ‘బాపు బొమ్మలా ఉంది’ అని చిన్నప్పటి నుంచి వింటున్నాను. పెళ్లిచూపుల్లో, సినిమాల్లో, మా ఇంట్లోనే. ఎలా ఉంటుందని ఎవర్ని అడిగినా ‘అదేరా, బాపు బొమ్మలా’ అంటారు. అసలేమిటది?

గీతల గిరి
అబ్బ, భలే ఇరికించారు. ప్రయత్నిస్తాను.

ముందు గీత గురించి. బాపు గారి బొమ్మలో నీడలు, మెరుగులు దాదాపు ఉండవు. కుంచెతో లాగిన గీత, ఒకచోట సన్నగా మొదలై, ఒంపు దగ్గర లావై, మళ్లీ సన్నగా ముగుస్తుంది. నడుము నుంచి పాదం దాకా ఒక్క గీతే ఉండొచ్చు, మధ్యలో చెయ్యి ఎత్తినట్టు ఉండదు. ముఖంలో అన్నిటికన్నా పెద్దవి కళ్లు. ముక్కు ఒక చిన్న గీత. జడ పొడుగు, నడుము దాటి కిందికి. బొట్టు ఉంటుంది. మనిషి నిటారుగా నిలబడదు, ఎక్కడో ఒకచోట ఒంపు తిరిగి, ఓరగా చూస్తుంటుంది, ఏదో కొంటెమాట అనబోయేముందు ఆగినట్టు. ఒంటి మీద గీయనివే ఎక్కువ, మిగతాది చూసేవాళ్లు పూరించుకుంటారు.

‘బాపు బొమ్మలా ఉంది’ అంటే పెద్ద కళ్లు, వాలుజడ ఉన్న అచ్చ తెలుగమ్మాయి అని జనం ఉద్దేశం. నాలాంటి గీతకాడు మాత్రం ఆ ఒక్క గీతలో ఉన్న ధీమా చూసి అంటాడు.

టాక్‌బ్యాక్ బాబ్జీ
‘మధ్యలో చెయ్యి ఎత్తినట్టు ఉండదు’ అన్నారే, అది దొరికింది నాకు. కళ్లూ జడా అందరూ చెప్పేవారు. గీత సంగతి ఎవరూ చెప్పలేదు.

చందమామ పిన్ని
మరి కార్టూన్లు ఎలా రాస్తారు గిరీ? అందులో నవ్వు ఎక్కడ వస్తుందో అక్కడే రావాలి కదా.

గీతల గిరి
అవును పిన్నీ, అక్కడ వరస తప్పితే కొంప మునిగినట్టే. నేను వేసిందే ఒకటి చెప్తా. కరెంటు ఆఫీసు. కరెంటు లేదు. ఆఫీసరు చొక్కా గుండీలు విప్పుకుని లావుపాటి ఫైలుతో విసురుకుంటున్నాడు. ఫైలు అట్ట మీద ‘కరెంటు కోత ఫిర్యాదులు’ అని ఉంది. వివరణలో ‘కరెంటు కోత ఫిర్యాదుల ఫైలుతో విసురుకుంటున్న ఆఫీసరు’ అని ఒక్క వాక్యంలో చుట్టేస్తే నవ్వు చచ్చిపోతుంది. అట్ట మీది మాట చివరిదాకా దాచాలి. చూసేవాళ్లు కూడా దాన్ని చివర్లోనే చదువుతారు.

డాలస్ అమ్మ
నేనొకటి అడగనా? ఇప్పుడు ఫోన్లో బొమ్మ చూపిస్తే యాప్‌లే వర్ణిస్తున్నాయి కదా. ఇక్కడ మా మనబడి పిల్లల పుస్తకానికి ఒక యాప్‌తో ప్రయత్నించాం. గుడి, ఏనుగు, వాన, ఇవన్నీ బాగానే చెప్పింది. బతుకమ్మ బొమ్మ పెడితే ‘ఆడవాళ్లు పూలతో అలంకరించిన పెద్ద కేకు చుట్టూ నిలబడ్డారు’ అంది. పిల్లలు పడీ పడీ నవ్వారు.

ట్యాగుల శీను
హహ. పూలు, గుండ్రం, అంతస్తులు, దానికి తెలిసింది కేకే మరి. మొదటి చిత్తుప్రతికి వాడుకోండి, తప్పు లేదు, టైపింగ్ తగ్గుతుంది. కానీ ఆ పేజీలో కథ ఏమిటో తెలిసిన మనిషి దాన్ని తిరగరాయాలి. సైన్సు బొమ్మల్లో మరీ జాగ్రత్త. బాణం గుర్తు ఏ భాగానికి ఉందో తప్పు చెప్పి కూడా పూర్తి ధీమాగా చెప్తుంది. తప్పు వివరణ కన్నా వివరణ లేకపోవడమే నయం.

సైన్సు మేష్టారు
మాటలతో అందనిదాన్ని వేళ్లకు అందించొచ్చు. ఐఐటీ ఢిల్లీ నుంచి వచ్చిన రైజ్డ్ లైన్స్ ఫౌండేషన్ వాళ్లు తడిమి చూసే బొమ్మలతో పాఠ్యపుస్తకాలు చేస్తున్నారు. మా దగ్గర అంత లేదు. అట్టముక్క మీద ఫెవికాల్‌తో ఊలుదారం అంటించి గుండె చేశాను. సిరలకు సన్నదారం, ధమనులకు లావుదారం. వివరణ వినిపిస్తూ వేలు నడిపిస్తే ఒక్క పీరియడ్‌లో పని అయిపోతుంది. కాకపోతే అందులో అన్నీ పెట్టకూడదు, వేళ్లకు దారాలన్నీ ఒక్కలాగే తగులుతాయి. కవాటాలు వదిలేశాను, అవి మాటల్లో చెప్పాను.

సెక్షన్ సరళ
ఒక హెచ్చరిక కాని హెచ్చరిక. ప్రచురణకర్త అనుమతి గురించి ఎవరూ అడగలేదు, అయినా చెప్తున్నా. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ వల్ల సెక్షన్ 52(1)(జడ్‌బీ) వచ్చింది. మామూలు పుస్తకం చదవలేని వికలాంగుల కోసం దాన్ని అందుబాటు రూపంలోకి మార్చడానికీ, వాళ్లతో పంచుకోవడానికీ అనుమతి అక్కర్లేదు. లాభాపేక్ష ఉండకూడదు. ఆ తర్వాత 2013లో మర్రాకేష్ ఒప్పందం కుదిరింది, దాన్ని 2014లో అందరికన్నా ముందు ధ్రువీకరించిన దేశం మనదే. ఆ ఒప్పందం వల్ల ఇలాంటి పుస్తకాలు సరిహద్దులు దాటి కూడా వెళ్లొచ్చు.

కానీ ఆ ఈపబ్‌ను తీసుకెళ్లి ఊరందరి వాట్సాప్ గ్రూపులో పడేయకండి. మినహాయింపు అవసరమున్న పాఠకుల కోసం, అందరి కోసం కాదు. ఇలాంటి పాఠకుల కోసం సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం 2016 నుంచి ఉంది, ఈ పని చేసే సంస్థల కూటమి డైసీ ఫోరమ్ ఆఫ్ ఇండియా సభ్య సంస్థల ద్వారా అందులోకి పంపితే నమోదు చేసుకున్న పాఠకులకు చేరుతుంది. మీ ఊళ్లో అలాంటి సంస్థ ఏదైనా ఉంటే వాళ్లతో కలవండి.

సూటిగా సుబ్బు
సరళగారూ, ఉపయోగపడే మాట చెప్పారు. గట్టుగారూ, నేను వాదించినా పని ఎగ్గొట్టేవాణ్ణి కాదు. గ్రాఫులు, పట్టికలు నాకు ఇవ్వండి, అంకెలు టైపు చేసి పెడతాను. పిల్లి, ముగ్గు నా వల్ల కాదు.

గోదారి గట్టు
భలేవారే, పట్టికలన్నీ మీకే. కథల పుస్తకం గిరి గారు, పిన్నిగారు ఒకసారి చూసి పెడితే బావుంటుంది. మేష్టారూ, జీవశాస్త్రంలో బొమ్మ పేర్లు ఉన్నవి, లేనివి విడివిడిగా పంపిస్తాను. బాబ్జీ గారూ, పూర్తయినవి మీరు విని చెప్పగలరా? ఎన్‌వీడీఏలో, ఫోన్లో, రెండిట్లో వింటే మంచిదంటున్నారు శీను.

టాక్‌బ్యాక్ బాబ్జీ
వింటాను, ఆదివారాలు ఖాళీ. జీవశాస్త్రం ముందు పంపండి, అందులోనూ గుండె ఉన్న అధ్యాయం. మా అక్క కూతురు ఈ ఏడే పదో తరగతి, త్రైమాసిక పరీక్షలు దగ్గరపడ్డాయి. తనకి వినిపించి, తనకేం అర్థమైందో నాకు చెప్పమంటాను. అర్థం కాని చోట మీకు రాస్తాను.